గదవ కింద తడి

రాయికల్,
18 ఏప్రిల్ 2025

బామ్మర్ది సురేందర్‌కు,

మొన్న క్షేమంగా ఇల్లు చేరాను. మీ అక్క నర్సవ్వ గడపలో కుర్చీ వేసుకుని కూర్చుంది గానీ లేచి ఎదురు రాలేకపోయింది. గర్భసంచి ఆపరేషన్ ఈ నెల ఇరవై ఎనిమిదిన, జగిత్యాలలో. డాక్టరమ్మ భయం లేదంది. నువ్వు నా జాగలో నిలబడ్డావు కాబట్టే మూడేళ్ళ తర్వాత ఈ సెలవు దొరికింది. ఆ మాట మీ అక్క రోజుకు నాలుగుసార్లు చెబుతోంది.

ఫోన్ చేయక కాగితం మీద రాసి ఫోటో పంపుతున్నాడేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్‌లో నువ్వు అన్నిటికీ "సరే బావా" అంటావు, పెట్టేశాక సగం మర్చిపోతావు. ఇదైతే నీ దగ్గర ఉంటుంది, కావలసినప్పుడు తీసి చూసుకోవచ్చు. నువ్వూ ఇట్లాగే రాయి.

గొర్రెలు, పావురాల గురించి నాకు బెంగ లేదు. బెంగంతా ఆ గోధుమరంగు కుందేలు మీదే. మన అరబ్బు యజమాని అర్బాబ్ బిడ్డ నూరాకు ఎనిమిదేళ్ళు. ఆ కుందేలు బుందుక్ అంటే ఆ పిల్లకు ప్రాణం. పెద్ద తోట, ఇంత మంది పనివాళ్ళు, అయినా అర్బాబ్ నన్ను పేరు పెట్టి పిలిచాడంటే ఆ కుందేలును చూసుకున్నందుకే.

గొర్రెకు నొప్పయితే అరుస్తుంది. కుందేలు అరవదు, దాచుకుంటుంది. దానికి జబ్బు చేసిందని మనకు తెలిసేసరికి సగం చేయి దాటిపోయి ఉంటుంది. అందుకే పొద్దున్నే మొదట ట్రే చూడు. పెంటికలు శనగగింజంత గుండ్రంగా, ఎక్కువగా ఉండాలి. చిన్నవైపోయినా, తగ్గినా లోపల కడుపు మెల్లగా ఆగిపోతున్నట్టు. ఎండు గడ్డి ఎప్పుడూ ముందర ఉండాలి, దాని తిండి అదే. పండ్లు, ఆకులు పైపైన కొంచెం. ఎండలు ముదిరాక చెవులు కాలిపోతూ నోరు తెరిచి ఊపిరి తీస్తే తడిబట్టతో చెవులు తుడువు, నీళ్ళలో మాత్రం ముంచకు. ఎత్తేటప్పుడు వెనక కాళ్ళ కింద చేయి ఉండాలి. తన్నుకుంటే దాని నడుము అదే విరగ్గొట్టుకుంటుంది.

ఇంకొకటి. దాని నోట్లో వేలు పెట్టకు. పళ్ళు చూద్దామని అసలు చూడకు. కొత్తవాళ్ళను కొరుకుతుంది.

మీ బావ,
పోశన్న


ఉమ్ సలాల్,
29 ఏప్రిల్ 2025

బావకు నమస్కారాలు.

నిన్న అక్క ఆపరేషన్ బాగా జరిగిందని నువ్వు పంపిన రెండు ముక్కలు చూశాక గానీ నాకు అన్నం దిగలేదు. లేచి కూర్చోగానే ఒక్కసారి మాట్లాడించు.

పదో తరగతి తర్వాత నేను ఇంత రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నవ్వకు. బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపులో ఒక గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. స్నానానికి లైను, వంటకు లైను. ఇక్కడ నాకొక గది, కిటికీ తీస్తే ఖర్జూర చెట్లు. మా కంపెనీ గోదాము మూసేశాక మిగతావాళ్ళను ఒక్కొక్కరిగా ఇంటికి పంపేశారు. నువ్వు అర్బాబ్‌తో మాట్లాడకపోతే నేనూ ఈపాటికి ఊళ్ళోనే ఉండేవాణ్ణి. అది మర్చిపోను.

నూరా నాకు అరబ్బీ నేర్పుతోంది. నేను తప్పు పలికితే కుందేలు చెవిలో చెప్పి నవ్వుతుంది. డ్రైవర్ గయాజ్ భాయ్ హైదరాబాద్ మనిషి కాబట్టి నాకు తోడు దొరికింది. అర్బాబ్ ఏమన్నా అతనే తెలుగులో చెబుతాడు.

బుందుక్ ట్రే రోజూ చూస్తున్నాను. పెంటికలు ఉన్నాయి గానీ నువ్వు రాసినంత పెద్దవి కావు. ఇంకో సంగతి. దాని గదవ కింద, గొంతు దాకా బొచ్చు ఎప్పుడూ తడిగా ఉంటోంది, అక్కడక్కడ అంటుకుపోయింది. గడ్డి పోచ నోట్లోకి తీసుకుంటుంది, రెండుసార్లు నమిలి వదిలేస్తుంది. నూరా అరటిపండు ఇస్తే మాత్రం వెంటనే తింటుంది. ఇది మామూలేనా? అర్బాబ్‌కు చెప్పమంటావా?

సురేందర్


జగిత్యాల,
4 మే 2025

సురేందర్‌కు,

ఇది ఆసుపత్రిలో మీ అక్క మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. కుట్లు బాగున్నాయి. నిన్న రెండడుగులు నడిచింది. రేపో ఎల్లుండో ఇంటికి పంపుతారు.

గదవ తడి గురించి కంగారు పడకు. సీసాలో నీళ్ళు తాగేటప్పుడు కారుతుంటాయి. పొద్దున, సాయంత్రం మెత్తటి బట్టతో తుడిచి ఆరబెట్టు. నూరా చూడకముందే తుడువు, పిల్ల చూస్తే ఇల్లంతా గోల చేస్తుంది. ఆకులు సన్నగా తరిగి పెట్టు, తింటుంది.

అర్బాబ్‌కు మాత్రం చెప్పకు. నేను జూన్‌లో వచ్చి చూసుకుంటాను. ఇంత చిన్నదానికి వాళ్ళను కదిపితే లేనిపోని ప్రశ్నలు వస్తాయి, నీకూ నాకూ మంచిది కాదు. గయాజ్‌కు కూడా చెప్పవద్దు.

కానీ ఇది గుర్తుంచుకో. పూట గడిచినా ట్రేలో పెంటికలు లేకపోతే, మూలకు ముడుచుకుని కూర్చుని పళ్ళు పటపటలాడిస్తుంటే, ఇష్టమైన పండు పెట్టినా మొహం తిప్పుకుంటే ఇక నా కోసం ఆగకు. పూటలు లెక్కపెట్టేంత సమయం ఉండదు. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి.

అంతదాకా రాదులే.

పోశన్న


ఉమ్ సలాల్,
19 మే 2025

బావకు,

అంతదాకా వచ్చింది.

మొన్న గురువారం పొద్దున ట్రేలో ఒక్క పెంటిక కూడా లేదు. బుందుక్ మూలకు గోడవైపు తిరిగి, ముద్దలా ముడుచుకుని కూర్చుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. కడుపు మీద చేయి పెడితే డప్పులా బిగిసిపోయింది. అరటిపండు ముక్క ముట్టలేదు. పళ్ళు కొరుకుతున్న చప్పుడు పంజరం బయటికే వినిపించింది. నేను పరిగెత్తి అర్బాబ్‌ను పిలిచాను. నాకున్న అరబ్బీలో "అకల్ మాఫీ" అన్నాను. తిండి లేదని ఆయనకు అర్థమైంది. అప్పటికప్పుడు గయాజ్ భాయ్ కారు తీశాడు. నూరా కూడా ఎక్కి కూర్చుంది, దిగనంది. దారి పొడుగునా కుందేలును తువ్వాలలో చుట్టి నేనే ఒళ్ళో పెట్టుకున్నాను.

పశువుల ఆసుపత్రిలో డాక్టర్ చెప్పింది గయాజ్ భాయ్ నాకు చెప్పాడు. కుందేలు పళ్ళు మన గోళ్ళలాగా పెరుగుతూనే ఉంటాయట. గడ్డి నమిలితేనే అరుగుతాయి. వెనక పళ్ళు ములుకుల్లా పెరిగి నాలుకకు గుచ్చుకున్నాయి, నాలుక పక్కన పుండు పడింది. నమలలేక తిండి మానేసింది, తిండి లేక కడుపు ఆగిపోయింది. గదవ కింది తడి నీళ్ళు కాదు బావా. అది చొంగ.

నొప్పికి సూది వేశారు. చర్మం కిందికి సెలైన్ ఎక్కించారు. మర్నాడు కొంచెం తేరుకున్నాక మత్తిచ్చి పళ్ళు అరగదీశారు. ఇప్పుడు సూది లేని సిరంజితో మెత్తటి గడ్డిపిండి పూటపూటకూ నోట్లోకి ఎక్కిస్తున్నాను. శనివారం మొదటి పెంటికలు వేసింది. ఆరున్నాయి. నేనూ నూరా కలిసి చూశాం.

ముందరి పన్ను ఒకటి నిలువునా చీలి ఉందట. ఏదో పనిముట్టుతో కోసినట్టుందని డాక్టర్ అన్నాడు. ఎవరు కోశారని అడిగారు. నేనేమీ అనలేదు.

సురేందర్


రాయికల్,
27 మే 2025

సురేందర్‌కు,

నీ ఉత్తరం అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివాను. బతికింది, అది చాలు. నువ్వు చేసిన పని ఇంకెవరూ చేసేవారు కాదు. మీ అక్కకు చదివి వినిపిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంది, "నా తమ్ముడు చిన్నప్పటి నుంచి అంతే, జీవాలంటే పాణం" అంది.

సిరంజి ఎదురుగా పెట్టకు. నోటి పక్క నుంచి, బుగ్గలోకి, కొద్దికొద్దిగా ఎక్కించు. మింగేదాకా ఆగు. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కన ఎండు గడ్డి పెట్టడం మానకు.

ఎనిమిది రోజుల నుంచి ఫోన్ చేస్తున్నాను, నువ్వు ఎత్తడం లేదు. పని ఎక్కువ ఉందనుకుంటున్నాను. అర్బాబ్ నా గురించి ఏమన్నా అడిగాడా? జూన్ పన్నెండుకు టికెట్ పంపుతానన్నాడు. ఇంకా రాలేదు, ఒకసారి గుర్తుచెయ్యి.

పోశన్న


ఉమ్ సలాల్,
6 జూన్ 2025

బావకు,

ఎండలు బాగా ముదిరాయి. కుందేలు పంజరాన్ని ఇంటి లోపలి ఏసీ గదిలోకి మార్చారు. నన్నూ పొద్దంతా ఇంటి దగ్గరే ఉండమన్నారు. అందుకే ఫోన్ కుదరడం లేదు.

టికెట్ సంగతి అర్బాబ్ తర్వాత చూద్దామన్నాడు. నువ్వు తొందరపడకు. అక్కకు ఇంకా బలం రావాలి కదా. అక్కడే ఉండి ఆమెను చూసుకో.

బుందుక్ గడ్డి తింటోంది.

సురేందర్


రాయికల్,
22 జూన్ 2025

సురేందర్‌కు,

నువ్వు ఫోన్ ఎత్తకపోతే నిన్న గయాజ్‌కు చేశాను. అతను మొదట సలాం చెప్పి, తర్వాత చేస్తానన్నాడు. గట్టిగా అడిగితే చెప్పాడు.

"పోశన్న భాయ్, నేను ఝూట్ చెప్పను. నీ బామ్మర్ది ఫోన్ల నీ ఖత్ తీసి నా చేతికిచ్చిండు. అర్బాబ్ ముందట నాతోనే చదివిపిచ్చిండు. 'అర్బాబ్‌కు చెప్పకు, గయాజ్‌కు చెప్పకు' అని రాసింది కూడ నేనే చదివిన. నా పేరు నేనే చదువుకున్న భాయ్."

తర్వాత ఏమైందంటే, నా వీసా రద్దు చేసే కాగితం అర్బాబ్ అదే నెలలో పెట్టించాడట. నా జాగలో నీ పేరు రాయించాడట. జూన్ ఆరున నువ్వు నాకు ఉత్తరం రాసేనాటికి అదంతా అయిపోయింది. అయినా "అక్కను చూసుకో" అని రాశావు.

ఆ ఉత్తరం నేను ఎక్కడ కూర్చుని రాశానో తెలుసా? నీ తోడబుట్టిన దాని మంచం పక్కన. ఆమె నిద్రపోతుంటే, చప్పుడు కాకుండా, కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాను. నువ్వు నా ఇంటి మనిషివనుకుని రాశాను. పరాయివాడికి అట్లా రాస్తానా? దాన్ని నువ్వు తీసుకెళ్ళి ఎవరి ముందో పరిచావు.

క్యాంపులో అందరినీ పంపేస్తుంటే నీ కోసం నేను అర్బాబ్ గుమ్మం ముందు రెండు గంటలు నిలబడ్డాను. నా బామ్మర్ది, నేనెంతో వాడంతే అని చెప్పాను. ఆయన నన్ను చూసి నిన్ను నమ్మాడు. నువ్వు నన్నే తీసేశావు. "నేనేమీ అనలేదు" అన్న మాట నీ చేత్తో నువ్వే రాశావు. ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌లో ఉంది.

జవాబు రాస్తావో లేదో నీ ఇష్టం.

పోశన్న


ఉమ్ సలాల్,
3 జూలై 2025

బావకు,

పది రోజులు కాగితం ముందు పెట్టుకుని లేచిపోయాను. ఇవాళ రాస్తున్నాను.

గయాజ్ భాయ్ చెప్పింది నిజం. ఉత్తరం నేనే చూపించాను. నేనేమీ అనలేదని నీకు రాసింది అబద్ధం.

ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చాక అర్బాబ్ నన్ను మెట్ల దగ్గర నిలబెట్టాడు. ఆ పన్ను ఎవరు కోశారని గయాజ్ భాయ్ చేత అడిగించాడు. నేను వచ్చి అప్పటికి నెల. ఆ నెలంతా కుందేలు నా చేతిలోనే ఉంది. నేను కాదంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. తెల్లారేసరికి సామాను సర్దుకోమన్నాడు. నూరా తన తండ్రి చొక్కా పట్టుకుని నావైపే చూస్తోంది. నా ఫోన్లో నీ ఉత్తరం ఉంది బావా. తీశాను.

ఒక్కటి అడుగుతాను. పళ్ళు చూడవద్దని మొదటి ఉత్తరంలోనే రాశావు. తడి సంగతి నేను అడిగితే నీళ్ళన్నావు. అది నీళ్ళు కాదని నీకు తెలుసు. నేను నీ మాట విని పది రోజులు తుడుస్తూ కూర్చున్నాను. ప్రతి పొద్దూ తుడిచాను, అది నొప్పితో చొంగ కారుస్తుంటే. అది నా చేతిలో చచ్చి ఉంటే? ఆ పాపం ఎవరి మీద పడేది? నువ్వు రాయికల్‌లో ఉండేవాడివి. నేను ఆ మెట్ల దగ్గర ఉండేవాణ్ణి. నన్ను నీ జాగలో నిలబెట్టింది అందుకేనా అని ఆ రోజు నాకు అనిపించింది. తప్పో ఒప్పో, అనిపించింది.

అయితే తర్వాతది నా తప్పు. వారం తర్వాత అర్బాబ్, పోశన్న జాగలో ఉంటావా అని అడిగాడు. కాదనవచ్చు. "మా బావ వస్తడు, ఆయన ఇప్పటిసంది జాగ్రత్తగ చూసుకుంటడు" అని ఒక్క మాట అనవచ్చు. నోటిదాకా వచ్చింది. ఊళ్ళో ఏముందని మింగేశాను.

నూరా నన్ను ఒకటి అడిగింది. బుందుక్‌కు నొప్పి ఉందని పోశన్నకు తెలుసా అని. తెలియదని చెప్పాను. నీ కోసం చెప్పిన అబద్ధం అదొక్కటే.

అక్కకు చెప్పావా?

సురేందర్


రాయికల్,
15 జూలై 2025

సురేందర్‌కు,

మీ అక్కకు చెప్పాను. నీ ఉత్తరాలూ నావీ అన్నీ మొదటి నుంచి ఆమె ముందు పెట్టాను. కూడబలుక్కుని చదువుతుంది కదా, రెండు రోజులు పట్టింది. నిన్ను తిడుతుందేమో, లేక నన్నే తిడుతుందేమోనని చూశాను. చదవడం అయ్యాక ఇట్లా అంది.

"నాకు నొప్పి లేస్తే ఊరంత చెప్పి దవాఖానకు తీస్కపోయినవ్. ఆ కుందేలుకు నొప్పి ఉందని నీకు ఎరుకే, ఆనికీ ఎరుకైంది. ఒక్కలన్నా తొల్తనే చెప్పకపోతిరి."

ఇక దాచను. కాబట్టి ఉన్నది రాస్తాను.

ఫిబ్రవరిలోనే ముందరి పళ్ళు వంకరగా పెరగడం చూశాను. తప్పు నాదే. రోజూ చాయ్ తాగుతూ దానికి బిస్కెట్ ముక్క పెట్టేవాణ్ణి, ఆశగా నా వేళ్ళు నాకేది. దానికి అలవాటుపడి గడ్డి తగ్గించింది. అర్బాబ్‌కు చెబితే ఎందుకిట్లా అయిందని అడుగుతాడు. అందుకని షెడ్డులోని కటింగ్ ప్లయర్‌తో నేనే కోశాను. రెండుసార్లు. రెండోసారి టక్కుమని చీలింది. కుందేలు నా చేతిలో గడ్డకట్టుకుపోయినట్టు అయింది. అరవలేదు. మార్చిలో గదవ తడవడం మొదలైంది. అప్పటికి మీ అక్క ఆపరేషన్ తేదీ ఖాయమైంది, సెలవు చేతికొచ్చింది. చెబితే సెలవు పోతుందని భయపడ్డాను. నీకు చెబితే నువ్వు రానంటావని భయపడ్డాను. నీ మీదికి నెట్టాలని మాత్రం అనుకోలేదు. అట్లా అనుకోలేదని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు నమ్మనవసరం లేదు.

కానీ సురేందర్, ఆ మెట్ల దగ్గర నువ్వు ఉత్తరం తీసినందుకు నిన్ను ఏమీ అనను. నేనైనా తీసేవాణ్ణేమో. ఆ సాయంత్రం నాకు ఒక్క ఫోన్ చేసి "బావా, ఇట్లైంది, చూపించిన" అంటే నేను తిట్టేవాణ్ణి, తర్వాత ఊరుకునేవాణ్ణి. నువ్వు నెల రోజులు నన్ను టికెట్ కోసం ఎదురుచూడనిచ్చావు. నేను పెట్టె సర్దుకున్నాను. నీకోసం మీ అక్క సకినాలు చేసి డబ్బాలో పోసింది. అది నేను మరవలేను. ప్రయత్నించాను, కావడం లేదు.

ఇక్కడ ఒకరి పాడిగేదెల దగ్గర పనికి కుదిరాను. పాలు పితికి, దాణా వేసి ఎండ ఎక్కకముందే ఇంటికి వస్తాను. బాగానే ఉంది.

నీకు చెప్పకుండా దాచినవి ఇంకా రెండున్నాయి. చీలిన పన్ను ఎడమవైపుది. దాని కింద దవడ ఎముక వెంట రోజూ వేలితో నిమిరి చూడు. బఠాణీ గింజంత గట్టిగా తగిలితే లోపల చీము పడుతున్నట్టు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. అక్కడి తోటలో వెనకటి కుందేలు అట్లాగే పోయింది. అది చెప్పకుండా కూడా దాటవేశాను. రెండోది, పళ్ళు మళ్ళీ పెరుగుతాయి. ఒకసారి చెడితే కుందేలు బతికినన్నాళ్ళూ ఐదారు వారాలకొకసారి డాక్టర్‌కు చూపించాల్సిందే. తింటోంది కదా అని మానవద్దు. ఎడమ కంట్లో నీళ్ళు కారితే పన్ను వేరు పైకి పొడుస్తున్నట్టు, దాన్నీ చూసుకో.

ఈ ఉత్తరం కూడా అర్బాబ్ ముందు గయాజ్ చేత చదివించు. నేను చేసింది నా మాటల్లోనే ఆయన వినాలి. నూరాకు నిజం చెప్పు. నాకు తెలుసని చెప్పు.

నువ్వు ఇక నాకు రాయకు. కుందేలు గురించి ఏదన్నా ఉంటే మీ అక్కకు రాయి. ఆమె చదివితే వింటాను.

పోశన్న